అల్బుమిన్ 2.6 వచ్చిందంటే పౌడర్ టిన్ను కంటే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టంగుటూరు దగ్గర పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే మీ అక్కకు హెచ్‌ఐవీ. సీడీ4 (ఇమ్యూనిటీని నడిపే తెల్లకణాల లెక్క) 140 ఉన్నప్పుడు, నాలుగు నెలల కిందట, టీఎల్‌డీ మాత్ర (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు హెచ్‌ఐవీ మందులు కలిసినది) మొదలుపెట్టారు. ఇప్పుడు బరువు 43 కిలోలు, పాదాలకు నీరు పడుతోంది. ఒంగోలులో చేయించిన రిపోర్టులో టోటల్ ప్రోటీన్ 8.3, అందులో అల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ 2.6, గ్లోబ్యులిన్ అనే ఇంకో రకం ప్రోటీన్ 5.7, కాల్షియం 7.6. మీరు 750 రూపాయలు పెట్టి 400 గ్రాముల ప్రోటీన్ పౌడర్ తెచ్చారు. రోజుకు ఎన్ని స్కూపులు పడితే ఇమ్యూనిటీ పెరుగుతుంది, క్లినిక్కులో చెప్పినట్టు అల్బుమిన్ సీసాలు ఎక్కించాలా అన్నది మీ ప్రశ్న.

జవాబుకు ముందు ఒక పని చేయండి. మీరు పెట్టిన రిపోర్టు ఫొటోలో పైన పేరు, వయసు, ల్యాబ్ నంబరు కనబడుతున్నాయి. అది తీసేసి అంకెలు మాత్రం కనబడేలా మళ్లీ పెట్టండి. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఒకరికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు, ఆఖరికి ఇంట్లోవాళ్లైనా సరే. ఊళ్లో ఒకసారి పొక్కితే మళ్లీ వెనక్కి తీసుకోలేం.

ఇక రిపోర్టు. చాలామంది మొదటి లైను చూసి ఆగిపోతారు. టోటల్ ప్రోటీన్ 8.3, మామూలుగా 6.4 నుంచి 8.3 దాకా ఉండొచ్చు, కాబట్టి ప్రోటీన్ బాగానే ఉంది అనుకుంటారు. ఆ లైను మోసం చేస్తుంది. టోటల్ అంటే అల్బుమిన్, గ్లోబ్యులిన్ రెండూ కలిపిన మొత్తం. అల్బుమిన్ 3.5 నుంచి 5 దాకా ఉండాల్సింది 2.6 ఉంది. గ్లోబ్యులిన్ మూడు, మూడున్నర లోపు ఉండాల్సింది 5.7 ఉంది. ఒకటి పడిపోయిన లోటును ఇంకొకటి పెరిగి కప్పేసింది. ఏ/జీ రేషియో (అల్బుమిన్‌ను గ్లోబ్యులిన్‌తో భాగిస్తే వచ్చేది) అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి, మీ అక్కకు 0.46 వస్తుంది. అది ఒకటి కంటే పైన ఉండాలి. హెచ్‌ఐవీ మందు ఇప్పుడిప్పుడే మొదలైనవాళ్ల రిపోర్టుల్లో ఈ తలకిందుల రేషియో తరచూ కనబడుతుంది.

గ్లోబ్యులిన్ అంటే యాంటీబాడీలే కదా, అవి ఎక్కువుంటే మంచిదే కదా అని అడుగుతారు. కాదు. వైరస్ ఒంట్లో చెలరేగుతున్నప్పుడు బీ కణాలు అదుపు తప్పి ఏవేవో యాంటీబాడీలు తయారుచేస్తూ పోతాయి. లెక్కకు బోలెడు, పనికొచ్చేవి తక్కువ. అందుకే గ్లోబ్యులిన్ 5.7 ఉన్న మనిషికి కూడా న్యుమోనియా వస్తుంది, టీబీ వస్తుంది. మందు సరిగ్గా పనిచేస్తున్న కొద్దీ ఈ గ్లోబ్యులిన్ దిగుతుంది, అల్బుమిన్ ఎక్కుతుంది. ఆరు నెలల తర్వాత టోటల్ ప్రోటీన్ 8.3 నుంచి 7.2కి పడిందనుకోండి, అందులో అల్బుమిన్ 3.6 ఉందనుకోండి, అది శుభవార్త. ప్రోటీన్ తగ్గిపోయిందని కంగారుపడి ఇంకో టిన్ను తెచ్చుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలియకే తెచ్చుకుంటున్నారు. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) కనబడనంతగా తగ్గి ఏడాది దాటినా గ్లోబ్యులిన్ దిగకపోతే అప్పుడు వేరే కారణం వెతకాలి, ప్రోటీన్లను రకాలవారీగా విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్ష అడగాలి.

ఇప్పుడు అసలు మాట. అల్బుమిన్ తక్కువ అంటే తిండి తక్కువ అని మన దగ్గర స్థిరపడిపోయింది. సగం కేసుల్లో కూడా అది ఒక్కటే కారణం కాదని నా గట్టి అభిప్రాయం. కాలేయం రోజుకు పది నుంచి పదిహేను గ్రాముల అల్బుమిన్ తయారుచేస్తుంది. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ రగులుతుంటే కాలేయం ఆ పని తగ్గించి ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ లాంటి వేరే ప్రోటీన్ల మీద పడుతుంది. పైగా రక్తనాళాల నుంచి అల్బుమిన్ బయటికి కారిపోతుంది. ఆ సమయంలో రోజుకు నాలుగు గుడ్లు పెట్టినా అంకె కదలదు. 2.6 అనేది పొగ. పొగ మీద నీళ్లు చల్లి లాభం లేదు, ఎక్కడ మండుతోందో చూడాలి. సీడీ4 ఎంతున్నా సరే, అల్బుమిన్ తక్కువున్న హెచ్‌ఐవీ రోగుల్లో మరణాలు ఎక్కువని అధ్యయనాలు చూపించాయి. అల్బుమిన్ లేకపోవడమే చంపుతోందని దాని అర్థం కాదు. దాని వెనక దాక్కున్నది చంపుతుంది.

వెనక దాక్కునేవాటిలో మొదటి అనుమానం టీబీయే. సీడీ4 140తో మొదలై నాలుగు నెలలే అయిన మనిషిలో దీన్ని కాదని తేల్చేదాకా వేరే మాట ఉండకూడదు. నాలుగు ప్రశ్నలు అడగండి: దగ్గు ఉందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గుతోందా, రాత్రిళ్లు చెమటలకు జాకెట్టు తడుస్తోందా. ఒక్కదానికి అవునన్నా గళ్ల పరీక్ష చేయించాల్సిందే, సీబీనాట్ లేదా ట్రూనాట్ యంత్రం మీద. పొగాకు దుమ్ములో పనిచేసేవాళ్లకు దగ్గు మామూలే అని వదిలేస్తారు, అక్కడే నెలలు పోతాయి. గళ్ల రాకపోయినా టీబీ ఉండొచ్చు. మెడలో, చంకల్లో గడ్డలు తడిమి చూడాలి, కడుపు స్కానింగ్‌లో గడ్డలు, నీరు ఉన్నాయేమో చూడాలి. సీడీ4 బాగా తక్కువున్నవాళ్లకు మూత్రంతో చేసే లామ్ పరీక్ష కూడా ఉంది. మందు మొదలైన కొత్తలో ఇమ్యూనిటీ తేరుకుంటూ లోపల దాగిన టీబీని ఒక్కసారిగా బయటపెట్టడం కూడా జరుగుతుంది. మందు పడలేదనుకుని మాత్ర ఆపేస్తారు, అది పెద్ద తప్పు. టీబీ తేలి రిఫాంపిసిన్ అనే టీబీ మందు మొదలైతే డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కావాలి, ఎందుకంటే రిఫాంపిసిన్ దాన్ని ఒంట్లో నిలవనివ్వదు. టీఎల్‌డీలో ఉన్నదానికి అదనంగా వేసుకోవాల్సిన ఈ రెండో డోలుటెగ్రావిర్ మాత్ర సంగతి టీబీ యూనిట్‌కూ హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కూ మధ్య జారిపోకుండా మీరే అడిగి రాయించుకోండి.

రెండోది మూత్రం. తెల్లారి లేవగానే పోసిన మూత్రంలో నురగ నిలిచి ఉందా చూడమనండి. సబ్బు నురగలా అయిదు నిమిషాలకు కూడా విరగకపోతే ప్రోటీన్ పోతున్నట్టు అనుమానించాలి. నురగ లేకపోయినా పరీక్ష మాత్రం చేయించాలి. మామూలు స్ట్రిప్ పరీక్షతో పాటు యూరిన్ ప్రోటీన్-క్రియాటినిన్ రేషియో అడగండి. రోజుకు మూడున్నర గ్రాములు దాటి పోతుంటే పౌడరు, గుడ్లు అన్నీ కింద చిల్లున్న బిందెలో పోసినట్టే. ఇంకో మెలిక ఉంది. టీఎల్‌డీలో ఉన్న టెనోఫోవిర్ కొద్దిమందిలో మూత్రపిండాల గొట్టాలను దెబ్బతీస్తుంది. అప్పుడు పోయే ప్రోటీన్ చిన్నరకం, స్ట్రిప్‌కు సరిగ్గా దొరకదు. రక్తంలో షుగర్ మామూలుగా ఉండి మూత్రంలో మాత్రం షుగర్ పాజిటివ్ వస్తే, ఫాస్ఫరస్ తక్కువ వస్తే, ఆ గొట్టాల దెబ్బే అనుకుని డాక్టరుకు చూపించాలి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) మొదట్లో కొద్దిగా, 0.1 నుంచి 0.15 దాకా, పెరిగి అక్కడే నిలబడితే అది డోలుటెగ్రావిర్ వల్ల వచ్చే మార్పు, కిడ్నీ చెడినట్టు కాదు. నెలనెలా ఎక్కుతూ పోతే మాత్రం వేరే లెక్క. ఏదైనా సరే మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. హెపటైటిస్-బి కూడా ఉన్నవాళ్లు టీఎల్‌డీ హఠాత్తుగా మానేస్తే కాలేయం ఒక్కసారిగా వాచిపోవచ్చు. అందుకే హెపటైటిస్-బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేశారో లేదో పుస్తకంలో చూసుకోండి, అల్బుమిన్ తగ్గడానికి ఆ కాలేయ జబ్బే కారణం కూడా కావొచ్చు.

మూడోది పేగు. రెండు వారాలు దాటి విరేచనాలు ఉంటే మల పరీక్షలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కోసం ప్రత్యేకంగా రంగు వేసి చూడమని రాయించాలి, మామూలు పరీక్షలో అది కనబడదు. నులిపురుగుల మాత్ర ఎప్పుడు వేసుకున్నారో గుర్తు లేకపోతే అది కూడా అడగండి.

కాళ్ల నీరు గురించి. చీలమండకు పైన, ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి తీయండి. గుంట పడి, మెల్లగా పూడుతుంటే నీరే. రెండు కాళ్లకూ సమానంగా ఉంటే అల్బుమిన్, మూత్రపిండం, కాలేయం, గుండె వైపు ఆలోచించాలి. ఒక్క కాలికే వాచి నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బీపీకి అమ్లోడిపిన్ వేసుకునేవాళ్లకు అల్బుమిన్ బాగున్నా పాదాలు వాస్తాయి, ఆ మాత్ర ఉందేమో చూడండి. నీరు పట్టిన మనిషి బరువును నమ్మకండి. 43 కిలోల్లో రెండు కిలోలు నీరే అయ్యుండొచ్చు. నీరు దిగేటప్పుడు బరువు తగ్గితే చిక్కిపోతున్నారని భయపడొద్దు. దర్జీ టేపుతో ఎడమ చేతి పైభాగం, భుజానికీ మోచేతికీ నడుమ, చుట్టుకొలత వారానికోసారి రాసుకోండి. కండ పెరుగుతోందా తరుగుతోందా అన్నది అది నిజం చెబుతుంది.

రక్తం ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు కూడా అంకెను అటూఇటూ జరుపుతాయి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే అల్బుమిన్ తప్పుగా తక్కువ వస్తుంది. మే నెల ఎండల్లో నీళ్లు తాగకుండా పనిచేసి సాయంత్రం ఇస్తే, రబ్బరు పట్టీ చాలాసేపు బిగించి ఉంచితే, ఎక్కువ వస్తుంది. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో, పొద్దున పూట, పది నిమిషాలు కూర్చున్నాక ఇస్తేనే పోల్చుకోవడానికి పనికొస్తుంది. అల్బుమిన్ అర్ధాయువు (ఉన్నది సగానికి తగ్గే కాలం) దాదాపు ఇరవై రోజులు. అందుకని వారం వారం పరీక్ష చేయించడం డబ్బు దండగ. కారణానికి మందు మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు, సీఆర్‌పీతో కలిపి, మళ్లీ చేయించండి. సీఆర్‌పీ దిగి అల్బుమిన్ ఇంకా కిందే ఉంటే అప్పుడు తిండి మీద, మూత్రం మీద అనుమానం పెంచుకోవాలి. ఇమ్యూనిటీ ప్యాకేజీ అని వేలకు వేలు తీసుకుని విటమిన్ల చిట్టా ఇచ్చే ల్యాబ్‌ల వైపు చూడొద్దు. సీడీ4, వైరల్ లోడ్ ఏఆర్‌టీ సెంటర్లో ఉచితం, ఇమ్యూనిటీ తెలుసుకోవడానికి అవి చాలు.

కాల్షియం 7.6 చూసి ఎవరో మాత్రలు రాసినట్టున్నారు, మీ ఫొటోలో చీటీ అంచు కనబడింది. రక్తంలో కాల్షియం సగానికి దగ్గరగా అల్బుమిన్‌ను పట్టుకునే తిరుగుతుంది, అల్బుమిన్ తగ్గితే ఈ అంకె కూడా తగ్గి కనబడుతుంది. సరిచేసే లెక్క చిన్నదే: 4 లోంచి అల్బుమిన్ తీసేసి 0.8తో గుణించి కాల్షియంకు కలపాలి. 4 లోంచి 2.6 పోతే 1.4, దాన్ని 0.8తో గుణిస్తే 1.12, దానికి 7.6 కలిపితే 8.7. అది మామూలే. చేతులు కొంకర్లు పోవడం, తిమ్మిర్లు లేకపోతే ఆ కాల్షియం అవసరమే లేకపోవచ్చు, డాక్టరును అడగండి.

ఈ సంగతి నేనింత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. కాల్షియం, ఐరన్, జింక్ డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేసి రక్తంలోకి సరిగ్గా పోనివ్వవు. మీరు తెచ్చిన టిన్ను వెనక తిప్పి చదవండి. ప్రోటీన్ పౌడర్లలో చాలావాటికి ఈ మూడూ కలిపి ఉంటాయి. పరగడుపున టీఎల్‌డీ వేసుకుని, దానితోనే పౌడర్ కలిపిన పాలు తాగి, మీద ఐరన్ మాత్ర వేసుకుంటే, ఇమ్యూనిటీ కోసం కొన్నదే ఇమ్యూనిటీని కాపాడే మందుకు అడ్డం పడుతుంది. నెలల తరబడి ఇలాగే సాగితే వైరల్ లోడ్ దిగకపోవచ్చు. తప్పు మాత్రదనుకుంటారు గానీ పాల గ్లాసు మీద ఎవరికీ అనుమానం రాదు. మార్గం సులువే. టీఎల్‌డీ రాత్రి తొమ్మిదికి, పౌడరు, కాల్షియం, ఐరన్ ఏవైనా ఉంటే పొద్దున టిఫిన్‌తో. ఒకే పూట తప్పకపోతే కడుపు నిండా అన్నంతో కలిపి రెండూ వేసుకోవచ్చు, కాల్షియం, ఐరన్‌లకు ఆ మినహాయింపు ఉంది. గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్‌కు మాత్రం లేదు. అందులో మెగ్నీషియం, అల్యూమినియం ఉంటాయి. అది తాగడానికి రెండు గంటల ముందైనా, తాగిన ఆరు గంటల తర్వాతైనా టీఎల్‌డీ వేసుకోవాలి.

ఎన్ని స్కూపులు అన్నదానికి వద్దాం. ఆరోగ్యవంతులకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని హైదరాబాద్ పోషకాహార సంస్థ లెక్క. జబ్బుతో చిక్కినవాళ్లకు 1.2 దాకా పెట్టుకుంటే మీ అక్కకు రోజుకు 50 గ్రాములు చిల్లర. హెచ్‌ఐవీ ఉంది కదా అని అంతకు రెట్టింపు పెట్టాల్సిన పని లేదు, మూత్రపిండాలు తేలకముందు అసలు పెట్టకూడదు. 50 గ్రాములు ఇంటి వంటలోనే వస్తాయి. పూటకు నూట పాతిక గ్రాముల చొప్పున రెండు పూటలకు పావుకిలో బియ్యం వండితే 18 దాకా, ఉడికించిన రెండు గుడ్లకు 12, నలభై గ్రాముల కందిపప్పుకు 9, గ్లాసు పాలకో పెరుక్కో 6, నానబెట్టి ఉడికించిన శనగలు గుప్పెడు వేసుకుంటే మరో 6. ఒంగోలు చుట్టూ నల్లరేగడిలో పండే శనగలు మన ఇళ్లలోనే ఉంటాయి, వాటిని వదిలేసి టిన్ను వెనక పరిగెత్తుతున్నాం. చేపల పులుసు చేసిన రోజు వంద గ్రాముల ముక్కలకు 18 వస్తాయి, ఆ రోజు ఒక గుడ్డు తగ్గించినా ఫర్వాలేదు. మన కంచంలో తప్పు ఎక్కడంటే గుట్టంత అన్నం, గరిటెడు పల్చటి రసం, ఊరగాయ. పప్పు గట్టిగా వండి, నీళ్లు తగ్గించండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. ఎండు నెత్తళ్లలో ప్రోటీన్ దండిగా ఉన్నా ఉప్పు కూడా దండిగా ఉంటుంది, కాళ్ల నీరు తగ్గేదాకా అవీ ఊరగాయా పక్కన పెట్టండి. పచ్చి గుడ్డు తాగితే బలం అనే మాట వినొద్దు, సీడీ4 తక్కువున్న ఒంటికి సాల్మొనెల్లా అనే క్రిమి చాలా ప్రమాదం. సొన గట్టిపడేదాకా ఉడకాలి.

తిండి పెంచేటప్పుడు ఒక హెచ్చరిక. బాగా ఎండిపోయి చాలా రోజులుగా ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా దండిగా పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె మీదికి వస్తుంది. మొదటి వారం కొద్దికొద్దిగా, రోజుకు ఆరుసార్లు పెట్టి మెల్లగా పెంచాలి. నోట్లో తెల్లపూత, మింగితే నొప్పి ఉంటే అది కాండిడా అనే బూజు, దానికి మందు వేయందే ఏ తిండీ దిగదు.

మీ పౌడరు లేబుల్ మీద వంద గ్రాములకు ప్రోటీన్ ఎంతో చూడండి. ముప్పై చిల్లర ఉంటే పది గ్రాముల స్కూపులో వచ్చేది మూడున్నర, అరగుడ్డు పెట్టు. ఆ 750 రూపాయలకు నెలంతా రోజుకు రెండు గుడ్లు వచ్చి ఇంకా మిగులుతాయి. అన్నం సహించని రోజున పౌడరు వాడుకోండి, అంతవరకే.

అల్బుమిన్ సీసాలు ఎక్కించొద్దు. 20 శాతం సీసా వంద మిల్లీలీటర్లలో ఉండేది 20 గ్రాములు, ఖరీదు వేలల్లో. కారణం అలాగే ఉంటే కొద్ది రోజుల్లో అది కూడా కారిపోతుంది, రిపోర్టులో మాత్రం రెండు రోజులు అంకె ముద్దుగా కనబడుతుంది. కాలేయం గట్టిపడి పొట్టలోంచి లీటర్ల కొద్దీ నీరు తీసినప్పుడు, అలాంటి కొన్ని సందర్భాల్లో దానికి నిజమైన పని ఉంది. బలానికి, ఇమ్యూనిటీకి లేదు. ఆ మాట చెప్పి చిక్కిన మనిషి ఇంట్లో గాజులు తాకట్టు పెట్టించడం చూస్తే కడుపు మండుతుంది.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. ఏఆర్‌టీ మందు వాడుతున్నవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4000 రూపాయల పింఛను ఉంది, అర్హత సంగతి ఏఆర్‌టీ సెంటర్ కౌన్సిలర్‌నే అడగండి. టీబీ తేలితే నిక్షయ్ పోషణ్ పథకం కింద వైద్యం సాగినంతకాలం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. సందేహం ఉంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితం.

గ్రేడింగ్ కూలి పోతుందని వచ్చే నెలకు వాయిదా వేయొద్దు. ఈ వారమే ఒంగోలు ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లండి. వెళ్లేటప్పుడు రిపోర్టు, మందుల పుస్తకం, టీఎల్‌డీ డబ్బాలో మిగిలిన మాత్రలు, వాడుతున్న మిగతా మాత్రలన్నీ, పౌడరు టిన్ను ఒక సంచిలో వేసుకోండి. గళ్ల పరీక్ష, మూత్రం రేషియో, క్రియాటినిన్, సీఆర్‌పీ, కడుపు స్కానింగ్ అని కాగితం మీద రాసుకుని అడగండి. సీడీ4 350 లోపు ఉంది కాబట్టి న్యుమోనియా లాంటి ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమోక్సజోల్ మాత్ర ఇస్తున్నారా, టీబీ లేదని తేలితే టీబీ రాకుండా ఇచ్చే మందు మొదలుపెడతారా, ఆరు నెలల వైరల్ లోడ్ ఏ తేదీన తీస్తారు అనేవి కూడా రాసుకోండి. ఈలోగా ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, జ్వరంతో తలనొప్పి, మగత వచ్చినా ఆ వారం కోసం ఆగకుండా అదే రాత్రి క్యాజువాల్టీకి తీసుకెళ్లండి.